ఎత్తైన బండి టాప్ కడగడం: కర్ర పొడవు కన్నా చెయ్యి ఎత్తు ముఖ్యం

బండి కడిగిన రోజున ఒకసారి మేడ ఎక్కి దాన్ని పైనుంచి చూడండి. ఎత్తైన బండి అయితే టాప్ మీద రెండు అంచుల వెంట, చెయ్యి అందినంత మేర తళతళలాడుతూ ఉంటుంది. నట్టనడుమ మాత్రం ముందు అద్దం దగ్గర మొదలై వెనక దాకా మూరెడు వెడల్పున ఒక బూడిదరంగు పట్టీ అలాగే ఉండిపోతుంది. కింద నిలబడి కడిగినవాళ్లకి అది కనపడదు. తలుపులు, బానెట్, చక్రాలు మెరుస్తుంటే బండి మొత్తం కడిగామనే అనుకుంటారు.

నిజానికి బండిలో ఎక్కువ శ్రద్ధ చూపాల్సిన రేకు అదే. తలుపు నిలువుగా ఉంటుంది కాబట్టి దుమ్ము కొంత జారిపోతుంది, వాన పడితే నీళ్లు కిందికి దిగిపోతాయి. టాప్ అలా కాదు. దుమ్ము పేరుకుంటుంది, నీళ్లు నిలిచి అక్కడే ఎండి తెల్లటి సున్నపు మరకలు వదులుతాయి, నడినెత్తి ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. పిట్ట రెట్ట మరీ ప్రమాదం. అందులోని యూరిక్ ఆమ్లం ఒక కారణం, ఎండ ఇంకో కారణం. వేడికి పెయింటు పైనుండే క్లియర్ కోట్ మెత్తబడి వ్యాకోచిస్తుంది, చల్లబడ్డాక ఎండిన రెట్ట చుట్టూ బిగుసుకుంటుంది. తర్వాత రెట్ట తీసేసినా దాని అచ్చు పెయింటులో ఉండిపోతుంది. కార్ల మీద ఈ క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా పల్చన. టాప్ కడిగే సాధనం ఏదైనా ఈ పల్చటి పొర మీద ఇసుక రేణువుల్ని రాయకుండా పని ముగించాలి. అసలు పరీక్ష అదే.

చెయ్యి అందడం లేదు కాబట్టి పొడవాటి కర్ర కావాలని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మూడు మీటర్ల దాకా సాగే కర్ర కొన్నాను. మొదటిరోజే తెలిసిపోయింది, దాన్ని ఎంత సాగదీసినా బ్రష్ టాప్ నడిమికి ఆనడం లేదని. కర్ర అంచు మీద ఆనుకుంటుంది, బ్రష్ గాల్లో నిలబడుతుంది. వెనక చెయ్యి పైకెత్తి బ్రష్‌ని కిందికి దించబోతే కర్ర అంచుకి రాసుకుంటుంది. అప్పుడు కూర్చుని లెక్క వేస్తే, నాకు తక్కువైంది కర్ర పొడవు కాదని అర్థమైంది.

అట్టపెట్టె, పెన్సిలు

ఇది కళ్లతో చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. ఒక అట్టపెట్టె బల్ల మీద పెట్టండి. పెన్సిలు వెనక కొనని పెట్టె పైభాగం కన్నా కిందుగా, పక్కన పట్టుకోండి. ఇప్పుడు పెన్సిలు మొనతో పెట్టె పైభాగం నడుమ తాకించండి. కుదరదు. పెన్సిలు అంచు మీద ఆనుతుంది, మొన పైకి లేచి ఉంటుంది. ఎంత పొడుగు పెన్సిలైనా ఇంతే. పట్టుకున్న చెయ్యి టాప్ మట్టానికి కిందుగా ఉన్నంతకాలం తిన్నని కర్ర టాప్‌ని అంచు దగ్గర తప్ప ఇంకెక్కడా తాకలేదు.

దీనికి అంకెలు పెట్టి చూద్దాం. పెద్ద ఎస్‌యూవీల ఎత్తు సుమారు 1.7 నుంచి 1.9 మీటర్లు. 1.8 మీటర్ల బండి పక్కన నిలబడి, కర్రని రొమ్ము ఎత్తులో, అంటే 1.4 మీటర్ల దగ్గర పట్టుకున్నామనుకోండి. చెయ్యి టాప్ కన్నా 40 సెంటీమీటర్లు కిందుంది. బండికి 60 సెంటీమీటర్ల దూరంలో నిలబడితే, అంచు నుంచి 60 సెంటీమీటర్లు లోపలికి, అంటే టాప్ నడిమికి వెళ్లేసరికి కర్ర కొన టాప్ కన్నా 40 సెంటీమీటర్లు పైన ఉంటుంది. అదే రెండు మీటర్లు వెనక్కి జరిగి నిలబడితే వాలు తగ్గి, కొన 12 సెంటీమీటర్ల ఎత్తుకి దిగుతుంది. మెడ వంచిన బ్రష్ అయితే ఆ 12 సెంటీమీటర్లు తేలిగ్గా అందుకుంటుంది. పొడుగు కర్ర వల్ల నిజమైన లాభం ఇక్కడుంది. దూరంగా నిలబడి వాలు తగ్గించుకోవడానికే అది పనికొస్తుంది.

ఇదే లెక్క ఎత్తు టాప్ ఉన్న వ్యానుకి వేస్తే కథ మారిపోతుంది. అవి 2.5 నుంచి 2.8 మీటర్ల దాకా ఉంటాయి, పైగా ఎస్‌యూవీలా పైకి పోయేకొద్దీ సన్నబడవు, కాబట్టి టాప్ నడుమ అంచుకి దాదాపు మీటరు దూరంలో ఉంటుంది. 2.7 మీటర్ల వ్యాను పక్కన చేతులు తల మీదికెత్తి 1.9 మీటర్ల దగ్గర కర్ర పట్టుకున్నా ఇంకా 80 సెంటీమీటర్లు కిందే ఉన్నాం. రెండు మీటర్లు వెనక్కి జరిగినా టాప్ నడుమ దగ్గర కర్ర 40 సెంటీమీటర్లు పైన తేలుతుంది. దాన్ని 20కి దించాలంటే నాలుగు మీటర్లు వెనక్కి పోవాలి, అయిదు మీటర్ల పైచిలుకు కర్ర కావాలి. మూడు మీటర్లు దాటే బస్సుల సంగతి చెప్పక్కర్లేదు.

మరి కర్ర పొడుగు పెంచుకుంటూ పోతే ఏమిటి నష్టం? బరువు. తడిసిన మాప్ తల ఒక కిలో ఉందనుకుందాం. కర్ర ఇంచుమించు అడ్డంగా పట్టుకుని, ముందు చెయ్యి మాప్‌కి మీటరున్నర దూరంలో, వెనక చెయ్యి దానికి అరమీటరు వెనక పెట్టాం. ఆ ఒక్క కిలోని నిలబెట్టడానికి వెనక చెయ్యి మూడు కిలోల బలంతో కిందికి నొక్కాలి, ముందు చెయ్యి నాలుగు కిలోలు మొయ్యాలి. ముందు చెయ్యి నుంచి మాప్‌కి దూరం రెండున్నర మీటర్లయితే వెనక చేతికి అయిదు, ముందు చేతికి ఆరు. కర్ర సొంత బరువు ఇందులో కలపలేదు. టాప్ మీద ఆనించాక భారం తగ్గుతుంది నిజమే, కానీ బకెట్లో ముంచి పైకెత్తిన ప్రతిసారీ ఇది మోయాలి. పది నిమిషాల్లో భుజాలు పడిపోతాయి. భుజాలు అలిసిపోయాక మాప్‌ని నెమ్మదిగా ఆనించడం ఎవరివల్లా కాదు, దభీమని పడుతుంది. గీతలు పడేది ఎక్కువగా ఆ చివరి పది నిమిషాల్లోనే.

అందుకే నా అభిప్రాయం ఇది: ముందు మన చెయ్యి ఎత్తు పెంచుకునే మార్గం చూసుకోవాలి, కర్ర ఆ తర్వాత కొనాలి. భుజం టాప్ మట్టానికి వచ్చేలా నిలబడగలిగితే మీటరు, మీటరున్నర పిడి సరిపోతుంది. పైగా కడుగుతున్న చోటు కంటికి కనపడుతుంది. ఈ రెండో లాభం మొదటిదాని కన్నా పెద్దది.

కాళ్ల కింద ఏముండాలి

ఎస్‌యూవీకి 40, 50 సెంటీమీటర్ల ఎత్తున్న వెడల్పాటి స్టూలు చాలు. రెండు పాదాలూ పక్కపక్కనే హాయిగా ఆనేంత వెడల్పు, పైన గరుకు పట్టీ, కాళ్లకి రబ్బరు తొడుగులు ఉండాలి. వ్యానుకి మీటరు పైన, 1.2 మీటర్ల దాకా ఎత్తున్న చదునైన వేదిక, దానికి నడుము దగ్గర అడ్డకడ్డీ ఉన్న మడత నిచ్చెన మంచిది. నిచ్చెన మీద రెండు కాళ్లు, ఒక చెయ్యి ఎప్పుడూ ఆని ఉండాలన్నది పాత నియమం. కడిగే పనికి రెండు చేతులూ కావాలి, అందుకని మామూలు మెట్ల నిచ్చెన ఈ పనికి సరైంది కాదు. మెట్టు మీద నిలబడడం, వేదిక మీద నిలబడడం ఒకటి కాదు.

నిచ్చెనని బండికే చేరవేయకూడదు. పెయింటు చెడుతుంది, సబ్బునీళ్ల మీద జారుతుంది కూడా. ఇంకో గుర్తు, బొడ్డు నిచ్చెన రెండు నిలువు కడ్డీల మధ్యే ఉండాలి. బొడ్డు బయటికి వచ్చేంతగా వంగాల్సి వస్తే దిగి నిచ్చెన జరుపుకోవాలి. ఒక వ్యాను చుట్టూ ఆరేడుసార్లు దిగి జరపాల్సి వస్తుంది, విసుగే. కానీ తడినేల మీద పడితే ఏమవుతుందో ఆలోచిస్తే ఆ విసుగు లెక్కలోది కాదు.

తలుపు తెరిచి గడప మీద నిలబడి కడిగేవాళ్లు చాలామంది. సబ్బునీళ్లు పడ్డ గడప నున్నగా జారుతుంది, నీళ్లు సీట్ల మీదికి కారతాయి. తలుపు గొళ్లెం కొక్కేనికి తగిలించుకునే చిన్న మెట్లు దొరుకుతున్నాయి. అవి పైన సామాను కట్టుకోవడానికి, ఒక పాదం మోపి ఒక చేత్తో పట్టుకుని నిలబడే పనికి. తడి బూట్లతో రెండు చేతులూ వదిలేసే పనికి నేను వాటిని నమ్మను. టైరుకి తగిలించే వెడల్పాటి మెట్టు కొంత మెరుగు, ఎత్తు ఎస్‌యూవీకి సరిపోతుంది. కానీ అది ముందు చక్రం, వెనక చక్రం దగ్గర తప్ప మధ్యలో పనికిరాదు.

టాప్ ఎక్కి కడగడం మాత్రం వద్దు. బండి రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. మోకాలు మోపినచోట సొట్ట పడుతుంది. ఎక్కడానికే తయారుచేసిన టాప్ అని బండి పుస్తకంలో రాసి ఉంటే తప్ప.

మాప్ మంచిదా, బ్రష్ మంచిదా

ఈ ప్రశ్నకి ఒకే జవాబు లేదు, టాప్ తీరుని బట్టి మారుతుంది. నున్నటి పెయింటు టాప్‌కి మైక్రోఫైబర్ కుచ్చుల మాప్ మేలు. లావుపాటి పురుగుల్లా వేలాడే ఆ కుచ్చుల మధ్యకి మట్టిరేణువు జారిపోతుంది, రేకుకీ బట్టకీ మధ్య నలగదు. అదే దాని బలం, అదే బలహీనత. లోపలికి పోయిన మట్టి అక్కడే ఉండిపోతుంది కాబట్టి ప్రతి రెండు మూడు వరసలకీ మాప్‌ని వేరే బకెట్లో మంచినీళ్లతో జాడించాలి. జాడించకుండా సబ్బునీళ్లలో ముంచి మళ్లీ పెట్టామంటే పోయిన మట్టినే తిరిగి తెచ్చినట్టు.

బ్రష్ అయితే కేశాల కొనలు చూడాలి. మంచి బ్రష్‌లో ప్రతి ప్లాస్టిక్ కేశం కొన చీలి, పట్టు కుచ్చులా మెత్తగా ఉంటుంది. కొన తెగ్గోసినట్టు మొద్దుగా ఉంటే అది నేల తోమడానికి. పంది వెంట్రుకల బ్రష్‌లు నీళ్లు పీల్చి ఇంకా మెత్తబడతాయి, అయితే వాడేముందు కాసేపు నానబెట్టాలి. చెంప మీద రుద్ది చూడడం నా పద్ధతి. చెంపకి గుచ్చుకునేది పెయింటుకి కూడా వద్దు.

చాలా వ్యాన్లకి టాప్ నున్నగా ఉండదు, గట్టిదనం కోసం నిలువునా గాడులు ఒత్తి ఉంటాయి. ఆ గాడుల్లో మట్టి, ఆకులు చేరి గట్టిపడతాయి. మాప్ మిట్టల మీద తిరుగుతుంది, పల్లంలోకి దిగదు. ఇక్కడ బ్రష్ తప్పదు. అద్దం టాప్ ఉంటే రబ్బరు అంచుల వెంట మెత్తగా తుడవాలి. సన్‌రూఫ్ చుట్టూ నీళ్లు పోయే సన్నటి గొట్టాలు మూలల నుంచి స్తంభాల్లోంచి కిందికి దిగుతాయి, అక్కడికి ఆకుపొడి నెట్టేస్తే గొట్టం పూడి నీళ్లు లోపలికి కారతాయి. ఇల్లులా వాడే బండ్లలో కొన్నిటికి టాప్ రేకు కాదు, ఈపీడీఎం అనే రబ్బరు పొర. దానికి పెట్రోలు, నిమ్మజాతి నూనెలు కలిసిన క్లీనర్లు తగలకూడదు, పొర ఉబ్బి ఊడుతుంది.

తల ఏదైనా మెడ కీలు ముఖ్యం. ఎంత వంచితే అంత దగ్గర బిగిసి ఆగాలి. వదులు కీలు ఉన్న తల టాప్ మీద నీళ్ల బరువుకి తిరగబడి, ప్లాస్టిక్ వీపు రేకుకి గీసుకుంటుంది. తల చుట్టూ రబ్బరు అంచు ఉంటే మంచిది. ఇక సాగే కర్రల్లో రెండు రకాల బిగింపులు కనిపిస్తాయి. మెలితిప్పి బిగించేవి సబ్బు చేతులతో సరిగ్గా బిగియవు, పనిలో ఉండగా జారి కుంచించుకుపోతాయి. మీట నొక్కి మూసే క్లిప్పు రకం తడిలోనూ నిలబడుతుంది.

ఇంకో చిన్న పని చేసుకుంటే కర్ర వాడకమే మారిపోతుంది. వేడినీళ్ల పైపులకి తొడిగే మెత్తటి నల్ల ఫోమ్ గొట్టం ఉంటుంది, నిలువునా చీలిక ఉన్నది. దాన్ని మూరెడు ముక్క కోసి కర్ర మీద, అంచుకి ఆనే చోట తొడగండి. లోహం పెయింటుకి తగలదు. దానికి కాస్త కింద పాత గుడ్డపీలిక ఒకటి ముడివేయండి. చేతులు పైకెత్తి కడుగుతున్నప్పుడు నీళ్లు కర్ర వెంట కారి, మోచేతి మీదుగా చంకలోకి దిగుతాయి కదా, ఆ పీలిక దగ్గర ఆగి కింద పడిపోతాయి. చల్లటి ఉదయాల్లో ఈ పీలిక విలువ తెలుస్తుంది.

నీళ్లు పైకి ఎలా చేరాలి

గీత పడేది మాప్ వల్లా బ్రష్ వల్లా కాదు, వాటి కింద నలిగే మట్టి వల్ల. కాబట్టి ముట్టుకోకముందే ఎంత మట్టి వదిలిస్తే అంత మంచిది. నురుగు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. చేత్తో గాలి కొట్టే స్ప్రేయరు డబ్బాలో బండి షాంపూ కలిపి టాప్ మీద చల్లడానికి నిచ్చెన కూడా అక్కర్లేదు. నాలుగైదు నిమిషాలు నాననిచ్చి, ఎండకముందే నీళ్లతో కడిగేస్తే పైపైని దుమ్ము చాలావరకు దానంతటదే దిగిపోతుంది. గిన్నెల సబ్బు వాడితే మైనపు పొర కూడా దిగిపోతుంది, అది వద్దు. రెట్ట ఉన్నచోట తడిగుడ్డ పరిచి పది నిమిషాలు వదిలేయాలి, గోటితో గీకకూడదు. రేకు వేడిగా ఉంటే ఏదీ మొదలుపెట్టొద్దు. అరచేతి వెనక భాగం ఆనించి ఉంచగలిగేంత చల్లబడాలి.

పిడిలోంచే నీళ్లు వచ్చే బ్రష్‌లు టాప్‌కి చాలా అనువు, రేణువులు ఎప్పటికప్పుడు కొట్టుకుపోతాయి కాబట్టి. కొనేముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, కర్రలో నిండే నీళ్ల బరువు. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లున్న రెండు మీటర్ల గొట్టంలో 630 మిల్లీలీటర్ల దాకా పడతాయి, అంటే అరకిలో పైన అదనపు బరువు. రెండు, నీళ్ల ఒత్తిడి. ఒత్తిడిని బార్లలో కొలుస్తారు, పది మీటర్ల నీటి ఎత్తుకి ఒక బారు వస్తుంది. ట్యాంకులో నీళ్ల మట్టం వ్యాను టాప్ కన్నా మీటరే పైన ఉంటే ఉన్నది బారులో పదో వంతు మాత్రమే, సన్నటి పైపులో ఆ కాస్తా పోయి బ్రష్ దగ్గర చినుకులే వస్తాయి. తప్పు బ్రష్‌ది అనుకుని ఇంకోటి కొన్నా అంతే. అలాంటిచోట చిన్న మోటారు కావాలి, లేదా బకెట్టు పద్ధతే మేలు. నీళ్లు ఆపే మర పిడి దగ్గరే ఉండాలి, నిచ్చెన దిగి కుళాయి కట్టేయాల్సిన అవసరం రాకూడదు.

ప్రెషర్ వాషర్ విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, దాన్ని నిచ్చెన మీద నిలబడి వాడొద్దు. నిమిషానికి ఏడున్నర లీటర్లు, 140 బార్ల దగ్గర పనిచేసే మామూలు యంత్రం గన్ను కూడా ట్రిగ్గర్ నొక్కగానే సుమారు రెండు కిలోల బలంతో వెనక్కి తంతుంది. నేల మీద అది తెలియదు. నిచ్చెన మీద, ఒక పక్కకి వంగి ఉన్నప్పుడు ఆ తోపుకే పట్టు తప్పుతుంది. పొడుగు గొట్టానికి వంకర కొన తగిలించి వాడితే ఆ తోపు పక్కకి పడి, గొట్టం పొడవుని బట్టి హెచ్చి చేతుల్ని మెలిపెడుతుంది. నేల మీద నిలబడి, విశాలంగా చిమ్మే 40 డిగ్రీల తెల్ల నాజిల్‌తో, కనీసం అడుగు దూరం నుంచి వాడాలి. సన్నధారగా కొట్టే ఎర్ర నాజిల్ పెయింటు దగ్గరికే రాకూడదు. రబ్బరు అంచులు, యాంటెన్నా మొదలు, పెయింటు పెచ్చులూడిన చోట్ల మీద నేరుగా కొట్టకూడదు.

పొడుగు కర్రలన్నిటికీ వర్తించే మాట ఒకటి మిగిలింది. అల్యూమినియం కర్ర కరెంటుని మోస్తుంది, కార్బన్ ఫైబర్ కర్ర కూడా మోస్తుంది. ఫైబర్‌గ్లాస్ మోయదు కానీ తడిసి, మట్టి అంటిన కర్రని నమ్మలేం. బండి నిలిపే ముందే తలెత్తి చూడండి. కరెంటు తీగ ఉంటే కర్ర పూర్తిగా సాగినా, నిటారుగా లేచినా తీగకి కనీసం మూడు మీటర్ల దూరం ఉండేలా బండి జరపాలి, పెద్ద లైన్లకి ఇంకా దూరం. మనం కర్రని పైకెత్తేటప్పుడు చూసేది బండి వైపు, తీగ వైపు కాదు.

వరస విషయానికొస్తే టాప్ ముందు కడగాలి. దాని మీది బురద తలుపుల మీదుగానే దిగుతుంది. ఒక పక్క నుంచి నడుమ దాకా, తర్వాత అవతలి పక్కకి వెళ్లి నడుమ దాకా. నడుమ గీత మీద రెండు వైపుల వరసలూ జానెడు మేర ఒకదానిమీద ఒకటి రావాలి, మేడ మీంచి కనపడే ఆ పట్టీ మిగిలిపోయేది అక్కడే.

ఆరబెట్టడం మర్చిపోతారు. టాప్ నడుమ నిలిచిన నీళ్లు ఎండితే మరకలు, ఎండకముందే బండి తీసి బ్రేకు వేస్తే ముందు అద్దం మీదికి ఒక్కసారిగా దూకుతాయి. ఇద్దరుంటే పొడవాటి మైక్రోఫైబర్ తువ్వాలు చెరో కొస పట్టుకుని టాప్ మీద పరిచి, ముందు నుంచి వెనక్కి మెల్లగా లాగడం అన్నిటికన్నా సులువు, అదిమి తుడవాల్సిన పని లేదు. ఒక్కరే ఉంటే తువ్వాలు అంచు పట్టుకుని అవతలికి విసిరి, మన వైపుకి లాక్కోవచ్చు. రబ్బరు వైపర్ అద్దం టాప్‌కి బాగుంటుంది, పెయింటు మీద ఒక్క ఇసుక రేణువు మిగిలి ఉన్నా పొడవునా గీత తీస్తుంది. గాడుల్లో, సామాను కట్టే పట్టాల కింద దాగిన నీళ్లకి బ్లోయర్ తప్ప వేరే మంచి మార్గం నాకు కనపడలేదు.

చివరగా బ్రష్‌ని జాడించి, కేశాలు కిందికి వచ్చేలా మేకుకి వేలాడదీయండి. గోడకి నిలబెడితే కేశాలు వంగిపోతాయి, కేశాలు పైకి వచ్చేలా పెడితే నీళ్లు కర్రలోకి దిగి కీలు తుప్పు పడుతుంది. ఎప్పుడైనా బ్రష్ నేల మీద పడితే ఆ పూటకి దాన్ని మళ్లీ బండికి ఆనించకండి, శుభ్రంగా జాడించి వేళ్లతో కేశాలు విడదీసి చూసేదాకా.